చక్రాల గూటి రంగు

మా ఆయన మురికిని సీసాల్లో కొనుక్కుంటాడు. ఇంజన్ నూనె మరకకి ఒకటి, పొగ మసికి ఒకటి, ఎండిన బురదకి ఇంకొకటి, తుప్పుకయితే లేతదీ ముదురుదీ వేరువేరుగా. బొటనవేలంత సీసాలు. ఏ సీసాలో ఏ మురికి ఉందో తెలియడానికి మూతల మీద చుక్కలు పెట్టుకున్నాడు. ఫ్రిజ్ మీద పేరుకున్న దుమ్ము ఆ కళ్ళకి ఆనదు. స్నానాల గది మూలలో పాకిన నాచూ ఆనదు. జానెడు ప్లాస్టిక్ విమానం రెక్క మీద పైలట్ కాలు పెట్టి ఎక్కేచోట రంగు ఎంతమేర అరిగి ఉండాలో మాత్రం భూతద్దం పెట్టుకుని గంటల తరబడి చూస్తాడు.

ఉద్యోగం కుళాయిల ఫ్యాక్టరీలో తనిఖీ. ఇతరులు చేసిన కుళాయిల్లో లోపాలు పట్టుకోవడమే పని. మా వంటింటి కుళాయి ఎన్నాళ్ళుగా కారుతోందో ఆయనకి తెలియదు.

ఈసారి చేస్తున్నది యుద్ధకాలం నాటి జపాన్ ఫైటర్ విమానం. హయబుసా అంటే వాళ్ళ భాషలో డేగ అట. నేను బొమ్మ అన్నప్పుడల్లా, బొమ్మ కాదు మోడల్ అని సరిదిద్దుతాడు. అత్తగారు మాత్రం దాన్ని ఈగ అనే అంటుంది. రెక్కలు అతికించక ముందు ఒకసారి గుమ్మంలో నిలబడి ఆవిడకి దూరం నుంచే చూపించాడు. "ఏమిట్రా అది, రెక్కలు పీకిన ఈగలా ఉంది" అంది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఆవిడ మూడు పూటలా తలుచుకుని నవ్వుకుంది. మంచం పట్టిన మనిషికి నవ్వుకోవడానికి అంతకంటే ఏం దొరుకుతుంది.

తుంటి విరిగి పడుకున్నాక అత్తగారికి నడుము కింద పుండు లేచింది. మొదట ఎర్రటి మచ్చ. తర్వాత తోలు ఊడింది. తర్వాత గుంట. రోజూ దాన్ని కడిగి, మంచం పక్క ట్రేలోని పట్టకారుతో గాజ్ గుడ్డ కూరి, కట్టు కట్టేది నేనే. ఆ వాసనని మాటల్లో చెప్పలేను. సబ్బుతో ఎంత రుద్దుకున్నా ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళలోంచి మళ్ళీ లేచేది. ఉదయం కట్టు కట్టాక మధ్యాహ్నం దాకా ఏమీ తినలేకపోయేదాన్ని. అయినా కట్టు మానలేదు, ఎందుకంటే ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. "నన్ను ఆసుపత్రికి మాత్రం పంపకు అమ్మాయ్. మీ మామగారు నడుచుకుంటూ వెళ్ళారు. ఎలా తెచ్చారో చూశావుగా. ఏదైనా ఈ గదిలోనే కానీ." సరేనన్నాను. పుండు మానితే ఇల్లు, మానకపోతే ఆసుపత్రి. మా ఇద్దరి లెక్కా అంతే.

కొడుకు రోజూ పలకరించేవాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గుమ్మం అవతల నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఎలా ఉన్నావమ్మా అనేవాడు. బాగున్నా నాన్నా అనేది. ఆ పూటకి అయిపోయేది. రంగు పలచన చేసే థిన్నర్ వాసన గంటల కొద్దీ పీల్చగల మనిషికి తల్లి వాసన అరనిమిషం పడేది కాదు. ఒకసారి ఆ మాట అనేశాను. థిన్నర్ శుభ్రమైన వాసన అన్నాడు.

ఆయన గది వీధి వైపు ఉంటుంది. గాలి లాగే ఫ్యాను, పెద్ద కిటికీ, రంగు చిమ్మే ఎయిర్ బ్రష్, దానికి గాలి అందించే కంప్రెసర్, అన్నీ అక్కడే. అత్తగారిది మధ్య గది. పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే.

ఆయనకి ఒక స్నేహితుడు ఉన్నాడు. మోడళ్ళు చేసేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న క్లబ్బుకి పెద్ద. అందరూ కెప్టెన్ అంటారు. ఆ పెద్దమనిషికి పై అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. పోటీ ప్రదర్శన దగ్గర పడుతోందని ఒక సెలవు రోజు వచ్చి, విమానం పని చూసి, నా చేత రెండుసార్లు టీ పెట్టించుకున్నాడు. టీ పట్టుకెళ్ళినప్పుడల్లా వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. ఆ విమానాలకి యుద్ధరంగంలోనే హడావిడిగా రేకు మీద ఆకుపచ్చ పూసేవారట. కింద పట్టు లేక రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేదట. ఆ పెచ్చులు తెప్పించడానికే మా ఆయన వెండి రంగు మీద తడి చేసి, నా వంటింటి ఉప్పు చల్లి, ఆకుపచ్చ చిమ్మి, ఆరాక ఉప్పు రాల్చేస్తున్నాడు. ఉప్పు రాలినచోట వెండి బయటపడుతుంది. అది చూసి కెప్టెన్, అబ్బ, ఎంత దరిద్రంగా వచ్చిందోయ్ అని మెచ్చుకున్నాడు. మా ఆయన పొంగిపోయాడు. కెప్టెన్ వెళ్తూ వెళ్తూ చక్రాలు మడుచుకునే గూళ్ళు జాగ్రత్త అన్నాడు. లోపలి రేకుకి తుప్పు పట్టకుండా నీలం కలిసిన ఆకుపచ్చ రంగొకటి, గాజులా మెరిసేది, పూసేవారట. ఎవరు బోర్లించి చూస్తారులే అనుకోకు, జడ్జీలు టార్చి వేసి మరీ చూస్తారు అన్నాడు. నేను ఖాళీ కప్పులు తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాతి వారమంతా ఆయన వేలి గోరంత తలుపులకీ గూళ్ళకీ ఆ రంగు వేసుకుంటూ కూర్చున్నాడు.

వారానికి రెండుసార్లు నర్సు వచ్చి పుండు చూసి వెళ్ళేది. సోమవారం వచ్చినప్పుడు, ముందురోజు నేను కూరిన గుడ్డ బయటికి తీసి లైటు కింద పట్టుకుంది. గుడ్డ మీద అక్కడక్కడ పచ్చటి మరకలు. మామూలు చీము పచ్చ కాదు. నీలం కలిసిన పచ్చ.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

రెండు మూడు రోజులుగా ఏదో రంగు కనిపిస్తున్నట్టే ఉందనీ, మందు రంగేమో అనుకున్నాననీ చెప్పాను. నర్సు గుడ్డని ల్యాబుకి పంపడానికి చిన్న డబ్బాలో వేసి మూత పెట్టింది. ఈ రంగు చీము పట్టించేది మొండి క్రిమి అనీ, లోపలికి పాకితే ఎముకలోకి దిగుతుందనీ వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. అక్కడి నుంచే డాక్టరుకి ఫోను చేసింది. ల్యాబు వాళ్ళు చెప్పేదాకా ఆగొద్దు, బుధవారం పుండు గీకి చెడిన కండ తీసేయమన్నాడు. అప్పటికీ తగ్గకపోతే వచ్చే వారం ఆసుపత్రిలో చేర్చమన్నాడు. పడక కూడా రాసి పెట్టుకున్నారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు, విమానం కోసం. నర్సు ఆ గుడ్డ ఎత్తి చూపించినప్పుడు రుమాలు పైనుంచి ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. పాలిపోయాడు. కన్నతల్లి కదా, భయపడ్డాడు అనుకున్నాను. జాలి కూడా పడ్డాను. ఆ జాలి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత.

ఆసుపత్రి మాట అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక, నీళ్ళు నమిలాను. ఆవిడే అడిగింది. "వరండాలో గుసగుసలేమిటి? పంపించేస్తున్నారా?" ఇంకా లేదన్నాను. గీకడం గురించి చెప్పాను. "గీకనీ. ఇక్కడే గీకుతారుగా" అంది.

బుధవారం నర్సు వచ్చింది. మత్తు సూది పొడిచింది కానీ, అంత లోతు పుండుకి అది అందదని ముందే చెప్పింది. అత్తగారిని ఒక పక్కకి తిప్పి నేను భుజాలు పట్టుకున్నాను. ఆవిడ నా చీర కుచ్చెళ్ళు పిడికిట్లో బిగించింది. గుడ్డ తీస్తే తెల్లగా ఉంది. మంగళవారం గుడ్డ కూడా తెల్లగానే ఉందని చెప్పాను. పైకి కనపడకపోయినా లోపల దాక్కుంటుందమ్మా, డాక్టరు గారు చెప్పేశారు అని నర్సు మొదలుపెట్టింది.

మొదట ఆవిడ పళ్ళు బిగపట్టింది. తర్వాత మూలిగింది. తర్వాత వచ్చిన కేక మనిషిది కాదు. ఆ కేక పూర్తయ్యేలోపే వీధి గదిలో కంప్రెసర్ మొదలైంది. గుర్రుమని ఇల్లంతా నిండింది. ఆవిడ కేక పెరిగినప్పుడల్లా ఎయిర్ బ్రష్ బుస్సుమనేది. నర్సు తలెత్తి నా వంక చూసింది. నేను ఆవిడ భుజాలు ఇంకా గట్టిగా అదిమిపట్టాను.

అంతా అయ్యాక నెత్తురు గుడ్డలు బకెట్లో వేసి, నర్సుని పంపించి, ఆ చేతులతోనే వీధి గదికి వెళ్ళాను. ఆ మోటారు ఆపమని చెబుదామనే వెళ్ళాను. విమానం స్టాండు మీద వెల్లకిలా ఉంది. పొట్ట పైకి. దాని చక్రాల గూళ్ళు కిటికీ వెలుగులో మెరుస్తున్నాయి.

నీలం కలిసిన పచ్చ.

సోమవారం నుంచి కళ్ళు మూసుకుంటే ఆ రంగే కనిపిస్తోంది నాకు. పొరబడే అవకాశం లేదు. మోటారు మాట మరిచిపోయాను. ఆ చిన్న తలుపులు రంగు వేసేటప్పుడు దేనితో పట్టుకున్నారని అడిగాను.

"పట్టకారుతో" అన్నాడు తలెత్తకుండా.

"ఏ పట్టకారు?"

"నాది వంగిపోయింది. అమ్మ ట్రేలోది మొన బాగుంటుంది, సన్నగా." ఎయిర్ బ్రష్ కింద పెట్టాడు. "ఇప్పుడు వాడటం లేదులే. సోమవారమే థిన్నర్‌తో శుభ్రంగా కడిగి పెట్టేశానుగా."

కంప్రెసర్ తనంతట తాను ఆగింది. ఆయనకి ఏమన్నాడో అప్పుడు అర్థమైంది.

నాకు అంతా తెలిసిపోయింది. పట్టకారు మొనల లోపల గీతలుంటాయి, గుడ్డ జారిపోకుండా. ఆరిన రంగు ఆ గీతల్లో ఉండిపోయింది. నేను రోజూ దాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఆ తడితోనే గుడ్డ పట్టుకుని పుండులో కూరుతున్నాను. స్పిరిట్ తగిలి రంగు కరిగింది. ఆ చీకటి గదిలో పట్టకారు మీది రంగు నాకు కనపడలేదు. సోమవారం నర్సు చేతిలో ఆ మరక చూడగానే ఆయన గుర్తుపట్టాడు. ఆ రంగు కలిపింది ఆయనే మరి.

"సోమవారం తెలిసింది మీకు" అన్నాను. "ఇవాళ బుధవారం."

డాక్టరు చెప్పాక నేనెవరిని వద్దనడానికి అన్నాడు. చెడ్డ కండ ఉంటే ఎలాగూ తీయాల్సిందే కదా, ఒకందుకు మంచిదే అయిందేమో అన్నాడు. రంగు ఆరాక అందులో విషమేమీ ఉండదు, సీసా మీద రాసి ఉంది కావాలంటే చూడు అని, నిజంగానే సీసా తీసి నా ముందు పెట్టాడు. నేను సీసా వంక చూడలేదు. చేతుల మీద వాళ్ళమ్మ నెత్తురు ఎండి చర్మం లాగుతోంది.

"సిస్టర్‌కి చెప్పకు" అన్నాడు చివరికి. "నా గురించి ఏమనుకుంటుంది? ఆదివారం ప్రదర్శన అయిపోనీ, అప్పుడు నేనే మెల్లగా చెప్తాను."

చీము చూశాను, మలం ఎత్తాను, పుండులో తెల్లగా తేలిన ఎముక అంచు కూడా ఒకసారి చూశాను. ఏదీ ఆ క్షణం పుట్టించినంత రోత పుట్టించలేదు. ఆయన చొక్కా గుండీలు అందంగా పెట్టుకుని ఉన్నాడు. గోళ్ళ చుట్టూ రంగు అంటకుండా టేపు కూడా చుట్టుకున్నాడు.

మధ్య గదికి వెళ్ళాను. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టు చెమటకి తడిసి మెడకి అంటుకుపోయింది. మంచం పక్కన కూర్చుని, అది క్రిమి కాదు అత్తయ్యా అని మొదలుపెట్టాను. నా గొంతు పెద్దదవుతోంది.

"అరవకు" అంది గోడవైపే చూస్తూ. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు వచ్చి పట్టకారు తీసుకెళ్ళేవాడు. మళ్ళీ తెచ్చి పెట్టేవాడు. రోజూ. ముక్కుకి గుడ్డ కూడా ఉండేది కాదు. ట్రే మూత తీయడానికి రెండు చేతులూ కావాలిగా." కాసేపు ఊపిరి తీసుకుంది. "సోమవారం ఆ పిల్ల పచ్చ పచ్చ అంటుంటే, దానికి అంటిన ఈగ రంగేమోనని తోచింది."

"తోస్తే ఎందుకు చెప్పలేదు? అంత గీకుతుంటే?"

"చెప్తే మానేస్తాడుగా." ఆవిడ గొంతులో బాధ కూడా లేదు, విసుగు ఉంది, నాకింత చిన్న విషయం తెలియనందుకు. "ఆ వంకనైనా రోజూ లోపలికి వస్తున్నాడు. మొన్న ఈ మంచం పక్కన నిలబడి ఎండ మండిపోతోందమ్మా అన్నాడు. ఎన్నాళ్ళయిందో, అంత దగ్గర నిలబడి."

నేను లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళి కక్కుకున్నాను. లోపల ఏమీ లేదు, నీళ్ళే పడ్డాయి.

ముఖం కడుక్కుని వచ్చి, ఆయన గదిలో ఆయన ఎదురుగానే నిలబడి నర్సుకి ఫోను చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, వద్దు వద్దు అని. నర్సు అయ్యో తల్లీ అంది, నన్నో అత్తగారినో తెలియదు. డాక్టరుతో తను మాట్లాడతానంది. మర్నాడు ల్యాబు వాళ్ళు కూడా క్రిమి లేదన్నారు. ఆసుపత్రి పడక రద్దయింది. అత్తగారు ఇంట్లోనే ఉంటుంది. మాట నిలబెట్టుకున్నాను. గీకినచోట మాత్రం గుంట ముందుకంటే పెద్దదయింది.

ఆ రోజే కట్టు ట్రే తీసుకెళ్ళి ఆయన పని బల్ల మీద పెట్టాను. విమానం పక్కనే. రేపటి నుంచి ఈ పని మీదే అన్నాను. తనకి చేతకాదన్నాడు, వాంతి వస్తుందన్నాడు, నీకు అలవాటయింది కదా అన్నాడు. నాకు అలవాటు కాలేదు అన్నాను. మీరు చేయకపోతే కెప్టెన్ గారికి కూడా ఫోను చేసి, ఆ గూళ్ళ రంగు ఎక్కడెక్కడ అంటిందో చెప్తాను అన్నాను. తల్లి కేక చేయలేని పని ఆ మాట చేసింది.

మొదటి రోజు గది గుమ్మం దాటాక రెండుసార్లు బయటికి పరిగెత్తాడు. మర్నాడు ఒకసారి. ఆదివారం ప్రదర్శనకి వెళ్ళి ఏదో మెచ్చుకోలు పత్రం తెచ్చుకున్నాడు. ఎక్కడ పెట్టుకున్నాడో నేను చూడలేదు. ఆ తర్వాతి వారం నుంచి ఆయనకి చెయ్యి కుదిరింది.

కుదరడం అంటే మామూలుగా కాదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నుదుటికి లైటు కట్టుకుని, భూతద్దం కళ్ళకి దించుకుని, కొత్తగా కొన్న పట్టకారుతో గుడ్డని మడత మీద మడత వేస్తూ, పుండు గోడలు ఎక్కడా గీసుకోకుండా అడుగు దాకా పరుస్తున్నాడు. అంచుల్లో ఎండినదాన్ని నీటి చుక్కలతో నానబెట్టి, అది తనంతట తాను ఊడేదాకా ఆగుతున్నాడు. ఊపిరి బిగబట్టి పని చేస్తున్నాడు. నేను పావుగంటలో ముగించే పనికి ఆయన గంట తీసుకుంటున్నాడు. అత్తగారు ఒక్కసారి కూడా మూలగలేదు. కళ్ళు మూసుకుని, తల దువ్వించుకుంటున్న చిన్నపిల్లలా పడుకుంది.

"అంచు చూడు" అన్నాడు నన్ను పిలిచి. "గులాబీ రంగుకి తిరిగింది. కింది పొర ఎర్రగా వస్తోంది. నాలుగు రోజుల్లో ఇంకా తేట పడుతుంది." ఆ విమానం రెక్క చూపించి మాట్లాడిన గొంతే.

నర్సు వచ్చి చూసి ఆశ్చర్యపోయింది. జరిగిందంతా తెలిసిన మనిషే. అయినా, మగవాళ్ళలో ఇంత ఓపిక ఎక్కడా చూడలేదు సార్ అంది. పుండు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదంది.

"నా కొడుకు చెయ్యి పడితే నొప్పే తెలియదు సిస్టర్" అంది అత్తగారు. "బంగారు చెయ్యి."

ఆ మాట అన్నప్పుడు నేను మంచం అవతలి వైపు తడిసిన దుప్పటి లాగుతున్నాను. నా వంక ఎవరూ చూడలేదు. చూడమని కాదు.

నర్సు వెళ్ళాక ఆయన వంటింట్లోకి వచ్చి కారుతున్న కుళాయి కింద చేతులు కడుక్కుని, కంచం పెట్టుకుని కూర్చున్నాడు. ఆకలి దంచేస్తోందన్నాడు. నేను వడ్డించలేదు. తనే గిన్నెలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంత బాగా చేతనవునా మీకు?" అన్నాను.

"ఏం, కష్టమేముంది అందులో?" అన్నాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ. దెప్పిపొడవడానికి కాదు. నిజంగానే అన్నాడు. "కాస్త ఓపిక ఉండాలంతే."

నా కంచంలో పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంది. దాని వాసన తగలకుండా పక్కకి జరిపాను. నన్ను తిననివ్వనిది పుండు వాసన కాదు, పుండు మీద నేను చెయ్యి వేసి చాలా రోజులైంది.

మధ్య గదిలోంచి అత్తగారు పిలిచింది.

"వాడు తిన్నాడా అమ్మాయ్?"

"తింటున్నాడు అత్తయ్యా" అన్నాను. "మళ్ళీ వడ్డించుకుంటున్నాడు."